తీర్థం తిండి ఎట్లయితది?

పోయిన వారం చేవెళ్ల బజారులో వీరేశం కిరాణం కొట్టు ముందర జరిగిన రభస చూసినవాళ్లెవరూ ఇంకా మరిచిపోలేదు. చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. స్వప్నిక వీరేశానికి ఒక్కగానొక్క కూతురు. ఇంజనీరింగ్ చదివింది, కాలేజీకి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఏరి మరీ ఉద్యోగం ఇచ్చారు. సోమవారం మాదాపూర్‌లో చేరాలి, హాస్టల్ కూడా మాట్లాడుకుంది. తీరా బట్టలు సర్దుకునే వేళకు వీరేశం అడ్డం తిరిగాడు. ఎందుకయ్యా అంటే, చింతపండు కట్టించుకుంటున్న గిరాకీల ముందరే, "నీ మెదడు అందరి లెక్క నడుస్తలేదంట బిడ్డా, జర నిదానమున్నదంట. మొయినాబాద్ డాక్టర్ సారే చెప్పిండు. పట్నంల ఒక్కదానివి ఎట్లుంటవ్?" అనేశాడు.

గిరాకీలు చింతపండు మరిచిపోయి స్వప్నిక మొహం కేసి చూశారు. స్వప్నికకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రిని నాలుగు మాటలని, చెప్పులేసుకుని, వెనక నుంచి అమ్మ పిలుస్తున్నా తిరిగి చూడకుండా మొయినాబాద్ బస్సెక్కేసింది. అక్కడే కదా మనం ఆమెను వదిలేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆమెకు గాలి ఆడలేదు. రోడ్డుకు రెండు వైపులా మొన్నమొన్నటి దాకా క్యారెట్, బంతిపూలు పండిన చెలకల్లో రాళ్లు పాతి రంగులేశారు. మలుపు మలుపుకూ ఫామ్ హౌసుల బోర్డులే. ఐటీ కంపెనీలు వచ్చినప్పటి నుంచి ఈ రోడ్డు మీద తెల్లకార్లు తప్ప ఇంకేమీ తిరగడం లేదు. తన క్లాసులో అత్తెసరు మార్కుల పరమేష్ కూడా మెడలో కార్డు వేలాడదీసుకుని గచ్చిబౌలి పోతున్నాడు. తను మాత్రం గల్లా పక్కన కూర్చుని పప్పులు జోకాలా?

ముందు సీట్లో పూలగంప ఒళ్లో పెట్టుకున్న సుక్కమ్మ వెనక్కి తిరిగింది. బజారులో వాళ్ల కొట్టుకు నాలుగడుగుల దూరంలో పూలమ్ముతుంది.

"ఏం బిడ్డా స్వప్నికా, తలకాయల ఏందో నిదానమున్నదంట గద? ఫికర్ జెయ్యకు, మా మరదలికి తెల్సినాయన ఒకాయన మంత్రిస్తడు. మస్తు మందికి నయమయింది."

"నాకేం కాలే అవ్వా. ముందుగాల నువ్వే మంత్రిపించుకో, ఊరంత చాటింపేసే రోగం కుదురుతదేమో!"

సుక్కమ్మ మూతి ముడుచుకుని ముందుకు తిరిగిపోయింది. చూశారా, మాట పుట్టి గంట కాలేదు, అప్పుడే బస్సెక్కి కూర్చుంది. ఇవాళ సుక్కమ్మ, రేపు బంధువులు, ఎల్లుండి సంబంధాలు చూసే పెద్దమనుషులు. 'వీరేశం బిడ్డకు తలకాయ బాగలేదు' అన్న మాట ఒకసారి ఊళ్లో నిలబడిపోతే ఆ తర్వాత ఎంత చదువు చదివినా, ఎంత పెద్ద ఉద్యోగం చేసినా దాన్ని కడుక్కోవడం ఎవరి తరం? స్వప్నిక పళ్లు పటపట కొరికింది.

మొయినాబాద్‌లో దిగి, చిన్న మంగళారం దారిలో ఆటో పట్టుకుంటే ఆ పరిశోధన కేంద్రం వస్తుంది. గేటు మీద ఎంత పొడుగు ఇంగ్లీషు పేరు రాసి ఉన్నా చుట్టుపక్కల వాళ్లు దాన్ని అయస్కాంతం దవాఖాన అనే పిలుస్తారు. దవాఖాన అన్నారే గానీ అక్కడ ఎవరికీ మందులివ్వరు. బతికున్న మనిషి మెదడు చక్కెరను ఎంత వేగంతో కాలుస్తుందో చూస్తారు. వేసవి మొదట్లో పూర్ణిమ అనే సైంటిస్టు కాలేజీకి వచ్చి, "ఆరోగ్యంగ ఉన్న పిల్లలు కావాలె, భయపడేదేం లేదు" అని అడిగితే చేతులెత్తిన వాళ్లలో స్వప్నిక ఒకతె. ఇల్లు కదలని అమ్మ శారదాదేవి పరీక్ష రోజు తనూ వస్తానని పట్టుబట్టి మరీ వెంట వచ్చింది.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారో పూర్ణిమ కాలేజీలోనే విడమరిచి చెప్పింది. మామూలు కార్బన్ కంటే పిసరంత బరువైన కార్బన్ ఒకటి ఉంటుంది, కార్బన్-13 అంటారు. విషమూ కాదు, రేడియేషనూ లేదు, మనం తినే అన్నంలోనూ రవ్వంత ఎప్పుడూ ఉండేదే. ఆ బరువు కార్బన్‌తో తయారైన గ్లూకోజు నరంలోకి ఎక్కిస్తారు. మనిషిని పెద్ద అయస్కాంతం గొట్టంలో పడుకోబెడతారు. గుర్తు పెట్టిన ఆ చక్కెర మెదడులోకి పోయి గ్లుటమేట్ అనే మరో పదార్థంగా మారుతుంటే అయస్కాంతం ఆ గుర్తును కనిపెట్టి తెర మీద గీత గీస్తుంది. గీత ఎంత చురుగ్గా పైకి లేస్తే మెదడు అంత చురుగ్గా పని చేస్తున్నట్టు లెక్క. అందుకే పరీక్షకు ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మన్నారు.

స్వప్నిక వాచ్‌మన్ పిలుస్తున్నా ఆగలేదు. నేరుగా డైరెక్టర్ ప్రభాకర్ గది తలుపు తోసింది. అప్పుడప్పుడూ టీవీలో కనిపించే మనిషి ఆయన. నున్నగా దువ్విన తల, నవ్వు చెరగని మొహం.

"సార్, నా మెదడు నిదానమని మా బాపుకు చెప్పింది మీరేనా?"

"కూర్చో అమ్మా. నువ్వు... వీరేశం గారి అమ్మాయివి కదూ? మా క్యాంటీన్‌కు బియ్యం పప్పులూ వచ్చేది మీ కొట్టు నుంచే."

"కూసోను. చెప్పిండ్రా లేదా?"

"క్యాజువల్‌గా అన్నానమ్మా. సరుకులు దింపించడానికి వచ్చినప్పుడు అమ్మాయి పరీక్ష ఎలా వచ్చిందని ఆయనే అడిగారు. కంప్యూటర్ ముందే ఉన్నాను, గ్రాఫ్ చూపించాను. అందరి గీతలూ పైన ఉన్నాయి, నీది కింద ఉంది. ఉన్నమాటే చెప్పాను. ఇందులో కోపగించుకోవడానికేముంది?"

"నా తలకాయల సంగతి నాకు చెప్పకముందే ఇంకొకలికి చెప్పుడేంది? పేరు బయటికి రాదు, ఏం వచ్చినా ముందు నీకే చెప్తమని పూర్ణిమ మేడమ్ మా కాలేజీల నిలబడి అందరి ముందర మాటిచ్చింది!"

"ఇంకొకరేమిటమ్మా, కన్నతండ్రి కదా? తండ్రికి చెబితే తప్పేముంది?"

ఇదిగో, ఈ మాటతో అసలు మంట అంటుకుంది. కన్నతండ్రి అంటే సరిపోయిందా? అంతకు ముందు దాకా స్వప్నిక గొంతు గదిలోనే ఉంది, ఇప్పుడు వరండాలోకి పోయింది.

"మా క్లాసు పరమేష్ గూడ మీ మిషన్ల పండిండు. ఆయన గీత వాళ్ల బాపుకు చూపించిండ్రా? ఊకుండ్రి సార్, ఎందుకు చూపిస్తరు! మగపిలగాడైతే వాని తలకాయ వానిది. ఆడపిల్ల తలకాయ మాత్రం అయ్య సొత్తు! మీరు నవ్వుకుంట ఒక్క మాటన్నరు. మా బాపు దాన్ని దుకాన్ల గిరాకీల ముందర ఒర్లిండు. పొద్దున్న బస్సుల పూలమ్మే ఆమె నాకు మంత్రిపిస్తనన్నది. సోమవారం నా నౌకరి. దానికి నేను పోకపోతే ఆ కుర్సీల ఇంకొకలు కూసుంటరు. మీకు సమజయితున్నదా?"

ప్రభాకర్ నవ్వు కాస్త సడలింది. నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె దాని వంక కూడా చూడలేదు.

అరుపులు విని పూర్ణిమ వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై దాటని మనిషి, శంకర్‌పల్లి వైపు దొంతన్‌పల్లి ఆమెది. స్వప్నికను చూడగానే ఆమె మొహం తేటపడింది.

"వచ్చినవా? మంచిగయింది. మల్ల పరీక్షకు ఎప్పుడస్తవో అని చూస్తున్న."

"మల్ల పరీక్షనా? ఎందుకు, ఇంకా కింద పడేస్తరా నా గీతను?"

పూర్ణిమ బిత్తరపోయింది. "అయ్యో, మీ ఇంట్ల చెప్పలేదా? ఆ గీత చెల్లదు స్వప్నికా. దాన్ని తీసేసినం గద."

"పూర్ణిమా, మనం తర్వాత మాట్లాడదాం" అన్నాడు ప్రభాకర్.

"తర్వాత లేదు, ఏం లేదు. ఇప్పుడే చెప్పు అక్కా" అని స్వప్నిక కుర్చీ లాక్కుని, ఇందాక కూర్చోనన్న మనిషి, గట్టిగా కూర్చుంది. చెప్పిందాకా లేచే ఉద్దేశం లేదని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది.

పూర్ణిమ చెప్పింది. గొట్టంలో పడుకున్నప్పుడు స్వప్నిక చేతి నుంచి నడుమ నడుమ రక్తం తీశారు కదా, ఆ రక్తాన్ని పట్నంలోని ఇంకో ల్యాబుకు పంపుతారు. నెత్తుట్లో ఉన్న మొత్తం చక్కెరలో గుర్తున్న చక్కెర వాటా ఎంతో వాళ్లు తేలుస్తారు. ఆ లెక్క ఆలస్యంగా వచ్చింది. అది రాకముందే ప్రభాకర్ సారు గీత చూసి నోరు జారారు.

"నీ నెత్తుట్ల గుర్తున్న చక్కెర సగం గూడ లేదు. కడమదంత మామూలు చక్కెర. మామూలు దాన్ని అయస్కాంతం పట్టుకోదు గదా, అందుకని గీత కిందనే ఉండిపోయింది. నీ మెదడు ఏది కాలుస్తున్నదో మాకు సరిగ్గ కనపడనే లేదు. నిదానమని చెప్పనీకి లేదు, మంచిగున్నదని చెప్పనీకి గూడ లేదు. పరీక్షే ఖరాబయింది."

"నా ఒంట్లకు మామూలు చక్కెర ఎక్కడికెల్లి వచ్చింది?"

"అదే నేను అడుగుదామనుకున్న. వచ్చినప్పుడు వేలు పొడిచి చూసినం, షుగర్ సరిగ్గనే ఉన్నది. ఆ తర్వాత కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి నిన్ను చానసేపు బయట కూసోబెట్టినం. అప్పుడేమన్న తిన్నవా?"

"తినలే! రాత్రి సంది కడుపు మాడ్చుకొని ఉపాసమున్న. ఒట్టు!"

"తాగినవా?"

"ఏం తాగలే. తీర్థం తప్ప."

పూర్ణిమ మెల్లగా అడిగింది, "తీర్థమంటే... అరచేతిలనా?"

"పానకం. ఆరోజు శుక్రవారం గద, అమ్మ తెల్లారగట్ల లేచి వాసవమ్మకు నైవేద్యం పెట్టింది. ఫ్లాస్కుల తెచ్చింది. కరెంటు పోయినప్పుడు రెండు గ్లాసులు పోసిచ్చింది."

"బెల్లం పానకం! రెండు గ్లాసులు! ఏం తీసుకోలేదని నాతోని ఒట్టేసి చెప్పినవ్ గద స్వప్నికా!"

"తినలే గదా మరి! తీర్థం తిండి ఎట్లయితది అక్కా? మా ఇంట్ల ఎంత కటిక ఉపాసమున్న నాడు గూడ తీర్థం తాగుతం. వద్దంటేనే పాపం."

పూర్ణిమ నుదురు కొట్టుకుంది. "మా దొంతన్‌పల్లిల గూడ గంతే. మా అమ్మ శనివారం ఉపాసముండి ప్రసాదం మాత్రం దోసెడు తింటది. ఇంత చదువుకొని, తినద్దు, తాగద్దు అని చెప్పిన గానీ దేవునిది గూడ వద్దని చెప్పాలని నాకే తట్టలేదు. తప్పు నాది."

ప్రభాకర్ హమ్మయ్య అనుకున్నట్టున్నాడు, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "చూశావా అమ్మా, అమ్మవారి తీర్థం తాగి మా మీదికి యుద్ధానికి వచ్చావు!"

"నవ్వకుండ్రి!" స్వప్నిక బల్ల మీద చరిచింది. గ్లాసులో నీళ్లు తొణికాయి. "తాగుడు నాదే తప్పు, ఒప్పుకుంట. పరీక్ష ఖరాబయిందని మీకు ఎప్పుడు తెల్సింది?"

"పోయిన వారం."

"మరి మా బాపుకు ఎందుకు చెప్పలే? తప్పు మాట చెప్పనీకి నోరొచ్చింది, ఒప్పు మాట చెప్పనీకి రాలేదా?"

"ఆ డేటా తీసేశాం కదా. ఇక మాకు ఆ గీతతో పని లేదు."

"మీకు పని లేదు. మరి నా సోమవారం సంగతేంది?"

టీవీలో గంటల తరబడి మాట్లాడే మనిషి, పాపం, పేపర్‌వెయిట్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. స్వప్నిక బల్ల మీది ఫోన్ ఎత్తి, కొట్టు నెంబరు తనే నొక్కి, రిసీవరు ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పుండ్రి. క్యాజువల్‌గా కాదు."

ఆయన చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు, ఆమె ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే! "వీరేశం గారూ, ఆ రోజు నేను తొందరపడ్డాను. ఆ పరీక్ష చెల్లదండీ. మీ అమ్మాయి గురించి దాన్ని బట్టి ఏమీ చెప్పకూడదు. చెప్పడం నా పొరపాటు, క్షమించాలి" అన్నాడు. అవతల వీరేశం "సరే సార్" అని పెట్టేశాడు. అంతే. ఇంకో మాట లేదు. స్వప్నిక దాన్ని పట్టించుకోలేదు. ఆమె ఒంట్లోని మంట సగం చల్లారింది, సోమవారం తిరిగి చేతికి వచ్చినట్టే అనుకుంది.

మిగిలిన సగం మంటకు ఆజ్యం గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన పూర్ణిమ నోటి నుంచి పడింది.

"నేను ఊకోలేదు స్వప్నికా. తెల్సిన రోజే మీ ఇంటికి ఫోన్ చేసిన. పరీక్ష చెల్లదు, భయపడద్దు, మల్లొక్కపారి పంపుండ్రి అని చెప్పిన."

"మా ఇంటికా? ఎవరెత్తిండ్రు?"

"మీ అమ్మ. అందరికి చెప్త అన్నది."

తిరుగు బస్సులో స్వప్నిక పక్కన కూర్చున్నవాళ్లెవరూ ఆమెను పలకరించే సాహసం చేయలేదు. అమ్మకు తెలుసు! వారం నుంచి తెలుసు! బాపు గిరాకీల ముందర తన పరువు తీస్తుంటే కొట్టుకూ ఇంటికీ నడుమనున్న గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఒక్క ముక్క అంటే చాలు, 'అది ఉత్తదేనంట' అంటే చాలు. అనలేదు. వంటింట్లో గిన్నె శబ్దం కాకుండా బతికే మనిషి, ఎవరినీ పల్లెత్తు మాటనని మనిషి, కన్నకూతురి గొంతు కోసింది. డాక్టర్ మీద కోపం ఒక రకం, బయటివాడు, నాలుగు దులిపితే తీరిపోతుంది. ఇది అట్లా తీరే కోపం కాదు.

ఇల్లు కొట్టు వెనకే. పక్క సందులోంచి లోపలికి పోయేసరికి శారదాదేవి వాకిట్లో పీట వేసుకుని బియ్యం ఏరుతోంది.

"ఎక్కడికి పోయినవ్ బిడ్డా? అన్నం గూడ తినకపోతివి..."

"అయస్కాంతం దవాఖానకెల్లి ఫోన్ వచ్చిందా అమ్మా?"

శారదాదేవి చెయ్యి బియ్యంలోనే ఆగింది. "ఏ ఫోను?" అంది గానీ ఆ గొంతే ఒప్పేసుకుంది.

"ఏ ఫోనా? నా తలకాయకు ఏం కాలేదని చెప్పిన ఫోన్! నువ్వు అందరికి చెప్తనన్న ఫోన్! ఎందుకు దాచినవే? నేను నౌకరి చేస్తే నీకు ఏం తక్కువయితది? ఊరంత నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నది, నువ్వు మాత్రం సల్లగ కూసొని రాళ్లేరుతున్నవ్!"

"మెల్లగ మాట్లాడు, దుకాన్ల గిరాకీలు..."

"విననీ! పొద్దుగాల వినలేదా? ఇప్పుడు గూడ విననీ! రెండు గ్లాసుల పానకం పోసి నా పరీక్ష ఖరాబు చేసినవ్. తెల్వక చేసినవనుకుంట. ఖరాబయిందని తెల్సినంక దాచుడు గూడ తెల్వకనేనా?"

శారదాదేవి చాట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తలెత్తకుండానే అంది.

"పానకం గూడ తెల్సే పోసిన."

స్వప్నికకు అర్థం కాలేదు.

"తియ్యటిది కడుపుల పడితే పరీక్ష నిలువదని ఆ మేడమ్ ముందటి రోజు ఫోన్ల నీకు చెప్తుంటే నేను పక్కనే ఉన్న. తెల్లారి లేసి పానకం చేసిన. సందు దొరికితే పోద్దామని ఫ్లాస్కుల పట్టుకొచ్చిన. కరెంటు పోయింది. వాసవమ్మే తీసిందనుకున్న."

"ఎందుకు?"

"ఆ మిషన్ మెదడు లోపల చూస్తదంట గద. నీ లోపల ఏమన్న కనపడితే ఎక్కడికెల్లి వచ్చిందని అడుగుతరు. నా నుంచి అని తెలుస్తది."

ఆ తర్వాత చెప్పిన మాటలు శారదాదేవి పెళ్లయిన నాటి నుంచి ఎవరికీ చెప్పనివి. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఏమీ కనబడదు. ఎదుటి మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, ఏమీ వినబడదు. కొంచెం సేపటికి మళ్లీ ఈ లోకంలో పడుతుంది. పుట్టింటి వాళ్లు దాచి పెళ్లి చేశారు. అత్తగారింట్లో మొదటిసారి అట్లా నిలబడిపోయి తెలివి వచ్చినప్పుడు ఎదురుగా దేవుడి గూడు ఉంది. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించింది. 'కోడలికి ఎంత భక్తి!' అంది అత్తగారు. ఆ రోజు నుంచీ అదే దారి. ఎప్పుడు ఆగిపోయినా, తెలివి రాగానే చేతులు జోడించడం. ఇరుగుపొరుగు అంతా శారదాదేవి భక్తిని మెచ్చుకునేవాళ్లే.

స్వప్నిక చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసింది ఆ భక్తిని! పప్పు మాడుతుంటే కూడా కదలకుండా నిలబడ్డ అమ్మను చూసి, మా అమ్మకు దేవుడు కనబడతాడని బడిలో గొప్పలు కూడా చెప్పుకుంది. అదా సంగతి? జాలి వేయాల్సిందే, వేసింది కూడా. కానీ జాలి కంటే ముందు కోపమే నోటికి వచ్చింది.

"అంటే నీ గుట్టు బయట పడద్దని నన్ను ఆగం చేసినవా?"

"నీ కోసమే బిడ్డా, నీ పెండ్లి..."

"నా కోసం అనకు! ఆ ఒక్క మాట అనకు! దవాఖానకు పోతే మందులియ్యరా? ఇన్నేండ్లు పొయ్యి ముందర అట్ల నిలబడ్డవే, కొంగు అంటుకుంటే ఏమయ్యేది? నీ పానం పోయినా మంచిదే, నా నౌకరి పోయినా మంచిదే, మంది నోట్ల మాత్రం పడద్దు! గింతేనా మన బతుకు?"

శారదాదేవి ఏడ్చింది. ఏడుస్తూనే లేచింది. "తప్పయింది. ఇవాళ్నే మీ బాపుకు అంతా చెప్త. ఏమన్నా పడత. నువ్వు సోమవారం పో బిడ్డా."

"ఏం చెప్తవ్ శారదా?"

కొట్టు గుమ్మంలో వీరేశం నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. శారదాదేవి గోడకు ఒరిగిపోయింది.

"నీ భక్తి సంగతి నాకు పెండ్లయిన ఏడే తెల్సింది" అన్నాడాయన. "అడిగితే సిగ్గుతోని సస్తవని ఊకున్న. పొయ్యి కాడ కోడలిని ఒక్కదాన్ని ఉంచద్దని మా అమ్మతోని చెప్పింది నేనే. బాయి కాడికి పోకుండ ఇంట్ల నల్లా పెట్టించింది గూడ అందుకే."

"శభాష్!" స్వప్నిక చప్పట్లు కొట్టింది. కళ్ల నిండా నీళ్లు, గొంతు నిండా మంట. "ఈ ఇంట్ల అందరికి అన్నీ ఎరుకే! ఒక్కలు నోరు తెరువరు! దవాఖానకు తోలుకపోయేది పోయి నల్లా పెట్టించినవా బాపూ? ఇద్దరూ ఇద్దరే! సరే, మీ ఇద్దరి సంగతి మీరు చూసుకోండ్రి. డాక్టర్ సారు ఫోన్ చేసిండు గద, ఆ గీత తప్పని చెప్పిండు గద. నేను సోమవారం పోతున్న."

"పోవద్దు బిడ్డా."

"ఇంకా ఎందుకు? నీ డాక్టరే మాట మార్చుకున్నడు!"

"నేను ఆపింది డాక్టర్ మాట మీద కాదు. నా నోటితోని చెప్పలేక ఆయన మీద పెట్టి చెప్పిన." వీరేశం వాకిట్లోకి దిగి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. "మొన్న నీకు సూట్‌కేసు కొందామని పోయినప్పుడు, బీజాపూర్ రోడ్డు దాటినం. యాదికున్నదా?"

"ఎందుకు లేదు? రెక్క పట్టి గట్టిగ గుంజినవ్, చెయ్యి కమిలింది. అందరి ముందర గట్ల గుంజుడేందని నీతోని లొల్లి పెట్టుకున్న."

"గుంజకముందు?"

"గుంజకముందు ఏమున్నది, రోడ్డు దాటుతున్న..."

"నడి రోడ్డు మీద నిలబడ్డవ్ బిడ్డా. నేను ముందట దాటి చూస్తే నువ్వు ఎనుకనే ఆగినవ్. లారీ అస్తున్నది. వాడు హారన్ కొట్టిండు, మల్ల కొట్టిండు. నేను పేరు పెట్టి ఒర్లిన. నువ్వు ఆ లారీ దిక్కే చూస్తున్నవ్, కండ్లు తెరుచుకొని. కదులలేదు. నేను ఉరికి వచ్చి గుంజిన. లారీ నా అంగి తాకుకుంట పోయింది."

పొద్దుటి నుంచీ ఎదురైన ప్రతి మనిషికీ దీటుగా జవాబిచ్చిన స్వప్నిక ఈ మాటకూ జవాబివ్వడానికి నోరు తెరిచింది. రోడ్డు అంచున కాలు పెట్టడం గుర్తుంది. చెయ్యి చురుక్కుమనడం గుర్తుంది. ఆ రెండింటి నడుమ ఏముందో ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ వైపు చూసింది. శారదాదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూతురినే చూస్తోంది.

"ఏ లారీ బాపూ?" అంది స్వప్నిక.